బొట్టు పెట్టిన బండి

చేతులు ఖాళీగా ఉంచుకోకుండా ఆ చిక్కుడుకాయలు ఒలుస్తూ వినండి. మధ్యలో ఎవరైనా లేచారో, కథ అక్కడితో ఆపేస్తాను. తర్వాత కాళ్ళావేళ్ళా పడినా చెప్పను.

అనగనగా మనమెవ్వరం చూడని ఒక అడవి. ఆ అడవిలో ఒక పక్క తేనెలోయ, ఇంకో పక్క బండమెట్ట. తేనెలోయలో ఏ చెట్టు చూసినా తేనెపట్టే. నీళ్ళకి ఎప్పుడూ కొరత లేదు. బండమెట్ట మీదేమో రాళ్ళు, ముళ్ళకంపలు, ఒకే ఒక్క నీటి ఊట. ఎండలు ముదిరితే అదీ ఎండిపోయేది. అప్పుడు మెట్ట మీది జంతువులన్నీ కింద ఏటి ఒడ్డుకి దిగిపోయి, వానలు పడ్డాక మళ్ళీ వచ్చేవి.

తేనెలోయలో జుంటయ్య అని ఒక ఎలుగుబంటి ఉండేవాడు. మంచివాడే. ఎవరైనా ఆకలని వస్తే దొప్పెడు తేనె పోసి పంపేవాడు. కాకపోతే, పోసిన సంగతి పదిమందికీ తెలియాలి. అదొక్కటే అతని జబ్బు.

ఒకరోజు ఎవరో అతనితో అన్నారు, బండమెట్ట మీద కాళ్ళు పోయినవాళ్ళు ముగ్గురున్నారని. మొదటివాడు అడవిపంది పోలయ్య. వేటగాళ్ళ ఉచ్చులో పడి వెనక కాలు ఒకటి పోగొట్టుకున్నాడు. రెండోవాడు ముసలి ముంగిస అప్పన్న. నడుం విరిగి వెనక కాళ్ళు రెండూ చచ్చుబడిపోయాయి. మూడోది పైడి అనే కుందేలు పిల్ల. బండరాయి దొర్లి వెనక కాళ్ళ మీద పడింది. పాపం, ముందుకాళ్ళతో నేలని పట్టుకుని, పొట్ట ఈడ్చుకుంటూ పాకేది.

ఆ మాట విని జుంటయ్య మనసు కరిగిపోయింది. నిజంగానే కరిగింది, నేనేం వెటకారం చెయ్యడం లేదు. వడ్రంగి పని తెలిసిన కొండముచ్చు కోదండాన్ని పిలిచాడు.

"కోదండం, ఆ ముగ్గురికీ తలా ఒక చక్రాల బండి చెయ్యి. వెనక కాళ్ళు బండి మీద పెట్టుకుని, ముందుకాళ్ళతో హాయిగా నడుచుకుంటూ పోవాలి వాళ్ళు" అన్నాడు.

"చేస్తాను దొరా. కొలతలకి ఒకసారి మెట్ట ఎక్కి రానా?" అన్నాడు కోదండం.

"ఆ ఎండలో ఎక్కడికి పోతావు? ఉజ్జాయింపున చేసెయ్" అన్నాడు జుంటయ్య.

కోదండం చేశాడు. మంచి కర్ర, నున్నటి చక్రాలు, నడుముకి కట్టుకోవడానికి నార పట్టీ. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి బండ్లు.

"ఇక ఇవి వాళ్ళ ఇళ్ళకి తీసుకెళ్ళి, ఎక్కించి వద్దామా దొరా?" అని అడిగాడు కోదండం.

జుంటయ్య గడ్డం గోక్కున్నాడు. ఇళ్ళకి వెళ్తే చూసేదెవరు? రాళ్ళూ, కంపలూ. "వద్దులే, సభ పెడదాం" అన్నాడు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. అంతా ఇక్కడే చెడింది.

మెట్ట కింద ఒక ఎత్తైన బండ మీద సభ పెట్టారు. ఆకుల తోరణాలు కట్టారు. నెమళ్ళు ఆడాయి. బండ్లకి పసుపు రాసి, బంతిపూల దండలు వేశారు. కుంకుమ బొట్లు మాత్రం జుంటయ్యే స్వయంగా పెట్టాడు. బండ ఎక్కడానికి అందంగా ఎనిమిది మెట్లు కట్టారు.

విన్నారా? కాళ్ళు లేనివాళ్ళకి బండ్లిచ్చే సభకి మెట్లు కట్టారు. రాళ్ళు మోసినవాళ్ళకి తోచలేదు, పేర్చినవాళ్ళకి తోచలేదు, జుంటయ్యకీ తోచలేదు. నేను మొదటిసారి ఈ కథ విన్నప్పుడు నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

బండ్లు అందుకోవలసిన ముగ్గురూ కిందే ఉండిపోయారు. వాళ్ళ తరఫున వేరేవాళ్ళు మెట్లెక్కారు. పోలయ్యకి తమ్ముడు, అప్పన్నకి పక్కింటి ఉడత, పైడికి తల్లి నూకాలు. బండ్లు అందుకుని దణ్ణం పెట్టి దిగిపోయారు. చప్పట్లు మోగాయి.

జుంటయ్య మెట్లు దిగి వెళ్ళబోతుంటే, పైడి పాక్కుంటూ వచ్చి దారికి అడ్డంగా ఆగింది.

"పెద్దయ్యా, నువ్వు మా ఇంటికి రావా? వచ్చి నన్ను బండి ఎక్కించవా?" అని అడిగింది.

"'నువ్వు' కాదు, 'మీరు' అనాలే" అని నూకాలు కూతుర్ని గదిమింది.

"చూద్దాంలే తల్లీ" అని జుంటయ్య దాని తల నిమిరి వెళ్ళిపోయాడు. అవతల విందు చల్లారిపోతోంది మరి.

మూడు నెలలు గడిచాయి. ఈ మూడు నెలల్లో జుంటయ్య బండ్ల సంగతి చెప్పని జీవి లేదు. ఎండలు మండిపోతున్న రోజుల్లో ఒకనాడు పొద్దున్నే కోదండాన్ని వెంటబెట్టుకుని బండమెట్టకి బయల్దేరాడు. తనని చూడగానే ముగ్గురూ బండ్ల మీద ఎదురొస్తారని ఊహించుకుంటూ నడిచాడు.

మెట్ట మీద ఎవ్వరూ లేరు. ఊట దగ్గర బురద కూడా ఎండి పగుళ్ళిచ్చింది. అందరూ ఏటికి దిగిపోయినట్టున్నారు.

ముందు పోలయ్య ఇంటికి వెళ్ళారు. పోలయ్య లేడు. బండి మాత్రం తుమ్మకొమ్మకి తీగలతో కట్టి వేలాడుతోంది. చుట్టూ ఎండిపోయిన తోరణం. చక్రాలకి పిసరంత మట్టి అంటలేదు.

"చూశారా దొరా, ఎంత భద్రంగా దాచుకున్నారో" అన్నాడు కోదండం.

జుంటయ్య నవ్వబోయాడు గానీ నవ్వు పూర్తిగా రాలేదు. "బండి ఇక్కడుంటే పోలయ్య ఏటికి ఎలా పోయాడు?" అన్నాడు.

"ఇంకా మూడు కాళ్ళున్నాయి కదా, కుంటుకుంటూ పోయుంటాడు" అన్నాడు కోదండం.

తర్వాత అప్పన్న బొరియ దగ్గరికి వెళ్ళారు. బొరియ ముందు నేల శుభ్రంగా చిమ్మి ఉంది. ఒక చదును రాయి మీద బండి, దాని ముందు వాడిపోయిన తంగేడు పూలు. అప్పన్న లేడు. బొరియ లోంచి మొదలై, దుమ్ములో ఒక వెడల్పాటి గీత కిందికి సాగిపోయింది. ఎవరో ఒళ్ళు ఈడ్చుకుంటూ పోయిన గీత అది. జుంటయ్య దాని వంక చూస్తూ నిలబడిపోయాడు.

ఆఖరికి నూకాలు పొద దగ్గరికి వెళ్ళారు. అక్కడ మనుషులున్నారు. కుందేళ్ళే అనుకోండి, నాకు మనుషుల్లాగే అనిపిస్తారు. నూకాలు ఆకు నమిలి, ఆ రసం పైడి నోట్లో పిండుతోంది. పైడి పక్కకి తిరిగి పడుకుని ఉంది. పొట్ట మీద బొచ్చంతా ఊడిపోయి ఎర్రటి పుండు. పొదలో ఒక మూల బండి. దాని మీద బొట్టు చెదరలేదు.

జుంటయ్య బండి వంకా, పిల్ల వంకా చూశాడు. "నూకాలూ, పిల్లని బండి ఎక్కించలేదా?" అన్నాడు.

నూకాలు లేచి చేతులు జోడించింది. "వచ్చారా అయ్యా. రోజూ మీకోసమే చూస్తున్నాం" అంది.

"ఎందుకు ఎక్కించలేదని అడుగుతున్నాను."

"బొట్టు పెట్టిన వస్తువు మీద కాళ్ళెలా పెట్టిస్తానయ్యా? మా మెట్ట మీద రోలుకి బొట్టు పెడితే ఇక దాని మీద కూర్చోం. చాటకి బొట్టు పెడితే దాన్ని దాటం. పొరపాటున కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం. బొట్టు పెట్టినవాళ్ళే వచ్చి చెరిపి, వాడుకోండి అని చెప్పాలి. అది మా పద్ధతి. ఇవాళ వస్తారు, రేపొస్తారు అని మూడిళ్ళ వాళ్ళమూ కాచుకుని ఉన్నాం."

తేనెలోయలో నిచ్చెనకి బొట్టు పెట్టి, మర్నాడే తొక్కి ఎక్కుతారు. అందరూ అంతే అనుకున్నాడు జుంటయ్య.

"నాకు కబురు పెట్టొచ్చు కదమ్మా" అన్నాడు.

"ఉడత రెండుసార్లు వచ్చిందయ్యా. పెద్దయ్య పనిలో ఉన్నాడు, తర్వాత రమ్మని పంపేశారట."

జుంటయ్య కోదండం వైపు తిరిగాడు. కోదండం తల ఎత్తలేదు.

"మరి మీరిద్దరూ ఏటికి ఎందుకు దిగలేదు?"

"పిల్ల పెద్దదైంది. నోట కరుచుకుని మోద్దామంటే నాలుగడుగులు వెయ్యలేకపోతున్నాను. నన్ను వదిలేసి పో అంటుంది ఇది. ఎలా పోతానయ్యా?" అంది నూకాలు.

జుంటయ్య బండి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తుడవడానికి నీళ్ళు కూడా లేవు. తన అరచేత్తోనే బొట్టు తుడిచేశాడు. నూకాలు భయంతో కళ్ళు మూసుకుంది.

"నేనే పెట్టాను, నేనే చెరిపాను. ఎక్కించు తల్లీ" అన్నాడు.

ఎక్కించారు. పట్టీ కట్టగానే పైడి అందులోంచి జారి కింద పడింది. పట్టీ దాని నడుముకి రెండింతలుంది. ఉజ్జాయింపు కొలత కదా. మూడు నెలల కిందటే ఎక్కి ఉన్నా అలాగే పడి ఉండేది. కోదండం పట్టీ విప్పి, పిల్ల నడుముకి చుట్టి చూసుకుని, కోసి మళ్ళీ కట్టాడు.

పైడి ముందుకాలు ఒకటి వేసింది. చక్రం తిరిగింది. ఇంకో అడుగు వేసింది. పొట్ట నేలకి తగల్లేదు. అప్పుడు ఏడ్చింది పిల్ల.

నలుగురూ ఏటివైపు దిగడం మొదలుపెట్టారు. చక్రానికి అడ్డొచ్చిన ప్రతి రాయినీ జుంటయ్య తన చేత్తో తీసి అవతల పారేస్తూ ముందు నడిచాడు. దారి పక్కనే ఆ గీత కూడా దిగుతోంది. కొంత దూరం పోయాక అది వంకరలు పోయింది. ఒక ముళ్ళపొద దగ్గర ఆగిపోయింది.

అక్కడ అప్పన్న పడి ఉన్నాడు. ఒంట్లో ప్రాణం లేదు. మొహం ఏటి వైపే ఉంది. అక్కడికి ఏటి చప్పుడు వినిపిస్తోంది కూడా.

పైడి బండి ఆపింది.

"మొన్న తాత మా పొద దగ్గర ఆగాడు. ఒక్కరోజు ఆగు తాతా, పెద్దయ్య రేపొస్తాడేమో అన్నాను. ఇంక ఆగలేనమ్మా, దాహమేస్తోంది అన్నాడు" అంది.

జుంటయ్య అప్పన్న ఒంటి మీది ముళ్ళు ఒక్కొక్కటే తీసేశాడు.

పైడి ఏటికి చేరింది. కడుపునిండా నీళ్ళు తాగింది. పోలయ్య బండి కూడా ఆ సాయంత్రమే కోదండం కిందికి మోసుకొచ్చాడు. దాని బొట్టు చెరిపి, పోలయ్యని జుంటయ్యే ఎక్కించాడు. అప్పన్నకి గొయ్యి కూడా తన గోళ్ళతోనే తవ్వాడు.

ఎలుగు ఏడ్చాడా అని అడుగుతారు మీరు. ఏడ్చాడు. చాలాసేపు ఏడ్చాడు. ఏడిస్తే అప్పన్న లేచొస్తాడా?

ఆ తర్వాత కూడా జుంటయ్య బండ్లు చేయిస్తూనే ఉన్నాడు. సభలు మాత్రం మానేశాడు. ముందు కొలత తీసుకునేవాడు. బండి వీపున వేసుకుని వాళ్ళ గుమ్మం దాకా మోసేవాడు. ఎలా వాడతారో, ఏది వాళ్ళకి పద్ధతో కూర్చుని అడిగేవాడు. మొదటిరోజు నీళ్ళదాకా పక్కనే నడిచేవాడు.

ఎవరైనా పొగుడుతూ, "బండమెట్ట మీద ముగ్గురికి బండ్లిచ్చావట కదా" అంటే తల అడ్డంగా ఊపేవాడు.

"ఇద్దరికే ఇచ్చాను. అప్పన్నకి ఇవ్వలేదు. పంపించాను, అంతే" అనేవాడు.

నీతి: సాయం అందుకున్నవాళ్ళకి అది పనికొచ్చిందో లేదో వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి చూసినప్పుడే మనం సాయం చేసినట్టు.