నక్క మూతికి ఉన్ని తొడుగు

ఏం చూశారు మీరు? గుట్ట దిగి పారిపోతున్న నక్కను చూశారు, దాని మూతికి బిగిసిన ఉన్ని తొడుగు చూశారు, పడీపడీ నవ్వారు. అంతేనా? ఆ తొడుగు అల్లడానికి ఎవరి వేళ్లు కమిలిపోయాయో చూశారా? చూడలేదు. కూర్చోండి, చెబుతాను.

ఆ గుట్ట మీది ఆడకోతికి ఒక్కటే బిడ్డ. గజ్జి పట్టి దాని వీపు మీది బొచ్చంతా ఊడిపోయింది. చలి ముదురుతోంది. కోతి కాపురముండే రేగుపొద ముళ్లకు, మేతకొచ్చిన గొర్రెల ఉన్ని చిక్కుకుని ఉండేది. బిడ్డకు చొక్కా అల్లాలని అది ఏరి తొడ మీద దారం వడికింది. ముళ్లపంది అవ్వ తన రాలిన ముళ్లు రెండు అల్లిక పుల్లలుగా ఇచ్చింది. అల్లిక మాత్రం ఆ చుట్టుపక్కల నక్కకే వచ్చు.

"నేర్పుతాలే కోడలా. అమావాస్య నాటికి నీకు చేతకాకపోతే నేనే అల్లిపెడతా. అప్పుడు రేగుపొద నాది," అంది నక్క.

"సరే మామా."

"కోతివి. ఒక్కచోట కూర్చోగలవా?"

"తోక మీద బండ పెట్టుకుని కూర్చుంటా. నువ్వు చెప్పు."

నక్క చూపించింది. ఎడమ ముల్లు మీద ఇరవై దారపు కన్నులు. కుడి ముల్లును కన్నులో దూర్చి, దారం చుట్టి, కొత్త కన్ను లాగి, పాతది జార్చాలి. "వరుస చివర మాత్రం రెండు కన్నులు కలిపి ఒకటిగా అల్లు. అంచు గట్టిగా వస్తుంది," అంది.

కోతి నిజంగానే తోక మీద బండ పెట్టుకుంది. అల్లింది. అల్లేకొద్దీ గుడ్డ సన్నబడి కొసదేలింది. విప్పింది. మళ్లీ అల్లింది. మళ్లీ కొసే. వేళ్లు వాచాయి.

"నీ చేతుల్లోనే లోపముంది కోడలా, పొద ఇచ్చెయ్యరాదూ?" అంది నక్క.

"ఇంకా నాలుగు రోజులుంది మామా."

ఈసారి కోతి ఇరవై గులకరాళ్లు తెచ్చి పక్కన పోసుకుంది. కన్ను అల్లినప్పుడల్లా ఒక రాయి అవతలికి జరిపింది. వరుస అయ్యాక ముల్లు మీది కన్నులు లెక్కపెడితే పంతొమ్మిదే. జరపని రాయి ఒకటి మిగిలింది. ఏ కన్ను పోయిందో వేలితో తడుముకుంటూ వెళ్లింది. చివరి రెండింటి దగ్గర వేలు ఆగింది.

కోతికి నక్క ఎత్తు తెలిసిపోయింది. కొసదేలిన గుడ్డ అంచులు కలిపి కుట్టి, సంచిలా చేసి, దాని నోటి చుట్టూ దారం దూర్చి పక్కన పెట్టింది. కొత్తగా ఇరవై కన్నులు వేసుకుని, ఈసారి చివర ఏదీ కలపకుండా అల్లింది.

అమావాస్య పొద్దున్నే నక్క వచ్చింది. కోతి ఆ కొసదేలిన సంచి చేతికిచ్చింది.

"నువ్వు చెప్పినట్టే అల్లాను మామా. తప్పెక్కడో చూపించు."

"ఇదా చొక్కా? బిడ్డ సంగతి దేవుడెరుగు, ఇందులో నా మూతి కూడా పట్టదు. చూడు," అంటూ నక్క మూతి దూర్చింది.

పట్టింది. కోతి దారం లాగి చెవుల వెనక ముడి వేసింది. నక్క పీకేకొద్దీ అది ఇంకా బిగిసింది.

"నీ పాఠం నీ కొలతకే సరిపోయింది మామా. నా బిడ్డది చూస్తావా?"

పొదలోంచి పిల్లకోతి వచ్చింది. ఒంటినిండా ఉన్ని చొక్కా, బుగ్గనిండా రేగుపళ్లు. నక్క ఏదో అనబోయింది, ఉన్ని దాటి మాట రాలేదు. గుట్ట దిగి పరుగెత్తింది. మీరు చూసింది అప్పుడే.

నేర్పిన వాళ్లకు దణ్ణం పెట్టొచ్చు, లెక్క మాత్రం మన దగ్గరే ఉండాలి.

మరి మీకు పని నేర్పినవాళ్లు వరుస చివర ఏం కలపమన్నారో, ఎప్పుడైనా వేలు పెట్టి లెక్కపెట్టుకున్నారా?