కోట పట్టు, కోట కట్టు

రోడ్డు వెడల్పు పనులు ముగిశాక కాంట్రాక్టరు మనుషులు వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ రేకుల షెడ్డును, దాని మీది సోలార్ పలకను, అంచు పగిలిన ఒక ట్యాబ్‌ను అక్కడే వదిలేశారు. అడవి జంతువులకు అంతకన్నా ఏం కావాలి? ఆ ట్యాబ్‌లో రెండు ఆటలున్నాయి. రెండూ చదరపు దిమ్మెలతో ఆడేవే. 'కోట పట్టు'లో ఎదుటివాడి కోటలో దూరి జెండా లాక్కురావాలి. 'కోట కట్టు'లో దిమ్మె మీద దిమ్మె పేర్చి ఇష్టమొచ్చింది కట్టుకోవాలి.

మొదటిదాంట్లో నక్క మామ మొనగాడు. రెండోదాన్ని ఉడుత బుచ్చెమ్మ వదిలేది కాదు. రోడ్డు కోసం కొట్టేసిన చింతచెట్టు ఆమె ఇల్లు మరి. ఆ చెట్టునే కొమ్మకొమ్మా గుర్తు తెచ్చుకుంటూ ఆటలో మళ్ళీ కట్టుకుంది. అమ్మ తనను పెంచిన తొర్రను కూడా మర్చిపోలేదు.

ఒక ఉదయం ట్యాబ్ మొరాయించింది. "చోటు నిండిపోయింది. ఒక ఆట తీసేయండి" అని తెర మీద పడింది. ఏది తీసెయ్యాలో ఇద్దరికీ కుదరలేదు. కోట కట్టు పోతే బుచ్చెమ్మ చెట్టు కూడా పోతుంది.

తీర్పు చెప్పమని ఇద్దరూ కర్రెద్దు తాత దగ్గరికి వెళ్ళారు.

"ఇందులో తేల్చడానికేముంది తాతా?" అన్నాడు నక్క మామ. "నా ఆటలో ఎత్తులుంటాయి, పైఎత్తులుంటాయి. బుర్ర పదునెక్కుతుంది. దాని ఆటలో గెలుపూ లేదు, ఓటమీ లేదు. వట్టి పిచ్చుకగూళ్ళు."

"ఉన్నదాన్ని పట్టుకోడానికి బుర్ర కావాలి గానీ, లేనిదాన్ని నిలబెట్టడానికి అక్కర్లేదా మామా?" అంది బుచ్చెమ్మ.

తాత తీరిగ్గా నెమరు వేశాడు. "మాటలతో తేలేది కాదు. పందెం వేసుకోండి."

నక్క మామ కళ్ళు మెరిశాయి. "అయితే కోడలుపిల్ల ఆటలోనే ఆడదాం. అది కోట కట్టి లోపల జెండా పెడుతుంది. నేను జెండా బయటికి తెస్తే దాని ఆట తీసేద్దాం. తేలేకపోతే నాది తీసెయ్యండి."

పైకి పెద్దమనసులాగే ఉంది. కానీ ఆ ఆటలో కాపలా సైనికులుండరని నక్క మామకు తెలుసు. బుచ్చెమ్మకూ తెలుసు. అయినా ఒప్పుకోక తప్పలేదు.

తలుపు లేకుండా, మందపాటి రాతిగోడలతో కోట కట్టింది. ఒకే తెర మీద ఇద్దరూ చెరో బొమ్మను నడపవచ్చు. నక్క మామ తన బొమ్మకు గునపం తీసుకున్నాడు.

"కాస్త కర్ర కూడా పట్టుకెళ్ళు మామా" అంది బుచ్చెమ్మ.

"ఎందుకు? లోపల వంట చేసుకోవాలా?"

నవ్వుకుంటూ తవ్వడం మొదలెట్టాడు. అతను ఒక దిమ్మె పీకి ముందుకెళ్తే, బుచ్చెమ్మ వెనకాల ఒక దిమ్మె పెట్టింది. అది చూసినా అతను పట్టించుకోలేదు. వచ్చినట్టే తవ్వుకుంటూ పోవచ్చు కదా అనుకున్నాడు. చివరికి జెండా చేతికందింది.

"పట్టేశాను."

"సంతోషం. బయటికి తీసుకురా" అన్నాడు తాత.

నక్క మామ వెనక్కి తిరిగి గునపం ఎత్తాడు. ఒక్క దెబ్బకే అది విరిగిపోయింది. కోట పట్టులో గునపం ఎన్నాళ్ళు వాడినా అరగదు. కోట కట్టులో అరుగుతుంది. కర్ర దగ్గరుంటే తవ్విన రాయితో అక్కడికక్కడే కొత్తది చేసుకోవచ్చు. చెట్టంతా కట్టేసరికి బుచ్చెమ్మ ఎన్ని గునపాలు అరగదీసిందో ఆమెకే తెలియదు.

నక్క మామ గోడను గోకాడు, తన్నాడు. రాయి కదల్లేదు. కాసేపటికి గొంతు మెత్తబడింది.

"కోడలుపిల్లా, ఒక తలుపు పెట్టవే."

"పెడతాను మామా. ముందు తాతను తన పని కానివ్వు."

తాత తడి మూతితో తెర నొక్కాడు. కోట పట్టు మాయమైంది. బుచ్చెమ్మ అన్నమాట ప్రకారం తలుపు పెట్టింది.

బయటికొచ్చిన నక్క మామకు ఎదురుగా చింతచెట్టు కనిపించింది. దాని చుట్టూ తిరిగి చూశాడు.

"ఎండాకాలం నేను కునుకు తీసింది దీని నీడలోనే కదే" అన్నాడు మెల్లగా. "ఆ పడమటి కొమ్మ ఇంకాస్త కిందికి ఉండేది."

బుచ్చెమ్మ అతని చేతిలో కాస్త కర్ర పెట్టింది. "అయితే నువ్వే సరిచెయ్యి మామా."

నీతి: లోపలికి దూరే దారి మాత్రమే ఆలోచించినవాడు, బయటికి రావడానికి ఇంకొకరి దయ కోసం చూడాల్సి వస్తుంది.