మైలగాడి గిట్ట, నక్క తెచ్చిన రెండు మందులు

మస్తానయ్య కొట్టంలో మైలగాడు పేరుమోసిన పందెపు ఎద్దు. బండలాగుడు పోటీ ఇంకో నాలుగు రోజుల్లో ఉంది. పోయిన వారం సాధనలో వాడి వెనక గిట్ట పగిలింది. కుంటితే కబేళాకు తోలేస్తారన్న భయంతో ఆ వెర్రిబాగులోడు యజమాని ముందు నొప్పి దిగమింగుకుని నడుస్తున్నాడు.

ఒక మధ్యాహ్నం మస్తానయ్య కునుకు తీస్తుంటే నక్క వచ్చింది, మెడలో రెండు సొరకాయ బుర్రలతో.

"ఊరకరారు మహానుభావులు," అంది కొట్టం మూలనున్న గూట్లోంచి ముసలి కోడిపెట్ట.

నక్క వినబడనట్టు ఎద్దు పక్కన చేరింది. "మావా, నీ బాధ చూళ్ళేక మందులు తెచ్చా. ఇది పుండు మందు. తెగిన కండని లోపల్నించి అతుకుతుంది. ఇదేమో సత్తువ మందు. ఒంట్లో అణువణువుకీ ఊపిరి పోస్తుంది."

"ఏది గొప్పది?"

"సత్తువదే! పుండు మానాలంటే పదిరోజులు. ఇది తాగావంటే నొప్పే తెలీదు, బండ దూదిపింజలా వచ్చేస్తుంది. బదులుగా నీ కొమ్ముతో ఆ గూటి గడియ కాస్త లేపు, చాలు."

గూట్లో కోళ్ళన్నీ బిగుసుకుపోయాయి. మైలగాడు నెమరు ఆపాడు. వాడు నెమ్మదస్తుడే కానీ మొద్దు కాదు.

"నాకు సత్తువకేం కరువు లేదు అల్లుడూ. పగిలింది గిట్ట. నొప్పి తెలీకుండా లాగితే ఉన్న కాలూ పోతుంది. పుండు మందే ఇవ్వు."

"భేషుగ్గా! రెండ్రోజుల్లో నయం!"

"ఇప్పుడే కదా పదిరోజులన్నావు?" అంది పెట్ట.

మైలగాడు మంచి గిట్టని నక్క తోకమీద మోపాడు. "నీ కాలు ఇలా పెట్టు. ఒక్క తొక్కు తొక్కుతా. నీ మందు నువ్వు రాసుకో. రెండ్రోజుల్లో గంతులేస్తూ రా, గడియేంటి, తలుపే ఊడబీకేస్తా."

అరిస్తే వాకిట్లో కుక్కలు లేస్తాయి. నక్క పని దొంగకు తేలు కుట్టినట్టయింది. "వద్దు మావా!" అని గుసగుసలాడింది. "ఇందులోది వాగు ఒండ్రు, పసుపు. అందులోది బెల్లం నీళ్ళు. నీ కాళ్ళు మొక్కుతా, వదులు!"

"బెల్లం నీళ్ళు ఇక్కడ పెట్టి ఫో."

నక్క పారిపోయాక పెట్ట మందలించింది. "దాచిన పుండు నక్కలకే కనబడుతుంది నాయనా. మస్తానయ్యకి చూపించు."

సాయంత్రం కాడి కట్టబోతే మైలగాడు మొరాయించి, పగిలిన కాలు ఎత్తి పెట్టాడు. మస్తానయ్యకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇన్నాళ్ళూ దాచావట్రా పిచ్చోడా!" అని పందెం మానుకుని పశువుల డాక్టర్ని పిలిపించాడు.

నక్క మాత్రం నలిగిన తోక నాక్కుంటూ గట్టు వెనక పస్తు పడుకుంది. దాని బుర్రల్లో దానికే పనికొచ్చే మందు ఒక్కటీ లేదు.

నీతి: అమ్మేవాడు తన కాలికి రాసుకోని మందు నువ్వు నీ కాలికి రాసుకోకు.