కొండడు నిలబడిన చోటు

కొండ కింద అడవిలో ఎండలు ముదిరాయంటే నీళ్లు మిగిలేది ఒక్క మడుగులోనే. తెల్లారగానే ఆ మడుగు దగ్గరికి ముందు ఎవరు వెళ్లాలన్నది పెద్ద తగువు. ముందు వెళ్లినవాళ్లకు తేట నీళ్లు, వెనక వెళ్లినవాళ్లకు బురద. పూర్వం ఈ తగువు కొమ్ములతోనూ కోరలతోనూ తేలేది. అలా తేల్చుకుంటూ పోతే చివరికి నీళ్లు తాగడానికి ఎవరూ మిగలరని పెద్దలకు అర్థమయ్యాక, తగువును ఆటగా మార్చారు. మనుషులు దాన్ని హాకీ అంటారు. అడవిలో దాని పేరు కర్రకాయ.

ఎండిన కుంటలో గట్టిపడిన నేల మీద ఆట. బంతికి బదులు మారేడుకాయ. ఇటు రెండు పుట్టలు, అటు రెండు పుట్టలు. కాయ పుట్టల మధ్య నుంచి దాటితే గోలు. ఎవరి వంకరకర్ర వాళ్లు నోట కరుచుకోవాలి కాబట్టి, ఆట నడిచినంతసేపూ తీర్పరితో వాదించే వీలు ఎవరికీ లేదు. తీర్పరి తాబేలు. సాయంత్రం ఆటకు ఆయన పొద్దున్నే ఇంటి దగ్గర బయల్దేరేవాడు.

ఎగువ గట్టువాళ్లది ఒక జట్టు, దిగువ గట్టువాళ్లది ఒక జట్టు. గెలిచినవాళ్లదే ఆ వేసవంతా ముందు వంతు. ఆట సమానంగా ముగిస్తే, వంతు కిందటేడు ఎవరిదో వాళ్లకే ఉండిపోతుంది.

దిగువ జట్టుకు పెద్ద సూరప్ప అనే నక్క. పుట్టల మధ్య నిలబడి గోలు కాసేదీ అతనే. చాలా ఏళ్లుగా ముందు వంతు దిగువ గట్టుదే, అందుకు సూరప్ప బుర్రే కారణమని అందరూ ఒప్పుకునేవారు. సూరప్ప మరీ ముందుగా ఒప్పుకునేవాడు. కానీ అంతకు మునుపు ఓడిపోయిన ఒక వేసవిని అతను మరిచిపోలేదు. ఆ ఏడు బురదనీళ్లు తాగి అతని పెద్దకూన కడుపు పట్టుకుని మూలన పడింది, మళ్లీ లేవలేదు. ఇప్పుడు గుహలో ఇంకో కూన ఉంది. సూరప్పకు కర్రకాయ ఆట కాదు, ఆ కూన ప్రాణం.

వానలు వెనకబట్టాక ఈడొచ్చిన పిల్లల్ని వరసగా నిలబెట్టి రెండు జట్లూ ఏరుకోవడం అక్కడి ఆచారం. ఓడినవాళ్లు మొదట ఏరుకోవచ్చు. కిందటేడు ఎగువ గట్టువాళ్లు ఏమాత్రం ఆలోచించకుండా కొండడనే అడవిదున్న కుర్రవాణ్ని ఏరుకున్నారు. గోలు ముందు అడ్డం నిలబడే పని అతనిది. అతని గురించి కోతులు అప్పటికే అడవంతా ఊదరగొట్టేశాయి.

"వాడు పుట్టి లేచి నిలబడితే పక్కనున్న చెట్టు ఒరిగిందంట!"

"వాడు అడ్డం నిలబడితే గాలి కూడా చుట్టూ తిరిగి పోవాల్సిందే!"

తీరా ఆట రోజున ఏమైంది? ఏమీ కాలేదు. కొండడు ఎవరి పక్కటెముకలూ విరగ్గొట్టలేదు. గోలు కొట్టలేదు. కనీసం ఒక రంకె కూడా వేయలేదు. ఊరికే అక్కడోసారి, ఇక్కడోసారి నిలబడ్డాడు. ఆట సమానంగా ముగిసింది, వంతు దిగువ గట్టుకే ఉండిపోయింది. కోతులు మొహాలు వేలాడేసుకుని ఇళ్లకు పోయాయి. దిగువ గట్టువాళ్లు చిందులు వేశారు.

సూరప్ప ఒక్కడికే ఆ రాత్రి తిండి సయించలేదు. ఆట సాగినంతసేపూ ఎదురుగా నిలబడి కొండణ్ని చూసింది అతనొక్కడే. ఏడాదికేడాది ఎగువవాళ్ల మీద గోలు మీద గోలు కొట్టే తన జట్టు, ఆ రోజు పుట్టల దాకా కాయను తీసుకుపోలేకపోయింది. ఎందుకో ఎవరూ అడగలేదు.

ఈ ఏడు ఆట దగ్గరపడుతుంటే సూరప్ప ఒక పొద్దున పొదల చాటున ఎగువ గట్టుకు వెళ్లాడు. అక్కడ కొండడు సాధన చేస్తున్నాడు. జింకలు కాయను తోసుకుంటూ అతని మీదికి వస్తున్నాయి. కొండడు కాయను చూడటం లేదు. వచ్చే జింక భుజాన్ని చూస్తున్నాడు. భుజం ఇటు వాలకముందే ఇటు ఒక్క అడుగు వేసేవాడు. అంతే. అంతవరకు బోలెడు ఖాళీగా ఉన్న కుంటలో ఉన్నట్టుండి జింకకు దారి లేకుండా పోయేది. కాయ దానంతట అదే వచ్చి కొండడి కర్రకు తగిలి ఆగేది. పరుగు లేదు, తోపులాట లేదు. అంత పెద్ద ఒళ్లు కదిలితే దుమ్ము కూడా లేవలేదు.

సూరప్ప తెరిచిన నోరు మూయడం మరిచిపోయాడు. 'అమ్మో! కోతులు చెప్పింది తక్కువే. ఆ వెర్రిమొహాలకు చెప్పడం చేతకాలేదు' అనుకున్నాడు. తను పుట్టి ఇంత ఆట చూడలేదు. దాచుకోవడమెందుకు, ఒక్క క్షణం అతని కళ్లు చెమర్చాయి కూడా. మరుక్షణం కూన గుర్తొచ్చింది. వీణ్ని ఆటలో గెలవడం జరిగే పని కాదు. వీడు ఆటలోనే లేకుండా చేయాలి.

దిగువకు రాగానే గోరింక మంగను పిలిచాడు. మంగ చెవిన పడిన మాట మధ్యాహ్నానికల్లా కొండ అవతల కూడా వినిపించేది.

"మంగా, ఇది మనలో మాట. ఆ కొండడు ఉన్నాడు చూడు, వట్టి గడ్డిబొమ్మ."

"అవునా అన్నా! అంత పేరుంది గదా?"

"పేరుదేముంది, కోతులు పెట్టింది. ఏడాదయింది గదా, ఒక్కణ్ని పడగొట్టాడా? ఒక్క గోలు కొట్టాడా? ఎవడి మీదికీ పోడు. ఎందుకు పోడు? భయం! పాపం ఎగువవాళ్లు, మొదటి ఎంపిక బూడిదలో పోసుకున్నారు."

"అయ్యో పాపం!" అంటూనే మంగ రెక్కలు విప్పింది.

రెండు పూటల్లో ఎగువ గట్టు అట్టుడికిపోయింది. ఒకప్పుడు నెత్తికెత్తుకున్న కోతులే ఇప్పుడు కొండణ్ని కిందపడేశాయి. అతను నడిచి వెళ్తుంటే "గడ్డిబొమ్మా!" అని పండ్ల తొక్కలు విసిరాయి. చివరికి పంచాయితీ పెట్టారు. జట్టు పెద్ద ఒక ముసలి ఎలుగు, అందరూ పెద్దయ్య అంటారు. పెద్దయ్య కొండణ్ని ముందుకు పిలిచాడు.

"ఏమయ్యా, నీ గురించి ఇన్ని మాటలు అంటున్నారు. నువ్వేమంటావు?"

"ఏమనాలో నాకు తెలీదు పెద్దయ్యా. కాయ ఎటు వస్తుందో అనిపిస్తే అటు నిలబడతా. అంతకంటే నాకేం చేతగాదు," అన్నాడు కొండడు తల వంచుకుని.

"విన్నారా! వాడే ఒప్పుకున్నాడు!" అని కోతులు ఎగిరాయి.

పెద్దయ్య చెయ్యెత్తాడు. "గోలు కాసేది నేను. పరువు తక్కువ మాటే గానీ చెప్తున్నా, వినండి. కిందటేడు ఆటలో నేను నిద్రపోయాను."

"నిద్రా?" అని కోతులు కిచకిచలాడాయి.

"నిజం. కాసేపు చూశా, కాయ రాలేదు. ఇంకాసేపు చూశా, రాలేదు. ఎండకు కన్ను మూతపడింది. తాబేలు వచ్చి ఆట అయిపోయిందని లేపాడు. అంతకుముందు నా బతుకులో ఆట రోజున నడుం నొప్పి లేకుండా ఇంటికి పోయింది లేదు. వీడు పనికొస్తాడా రాడా అని నన్నడగొద్దు, నా నిద్రనడగండి. కొండడు ఆడతాడు."

ఈ కబురు మంగ మోసుకొస్తే సూరప్ప గట్టిగా నిట్టూర్చాడు. పాచిక పారలేదు. పోనీలే, పోయిందేముంది అనుకున్నాడు. పోయిందేమిటో ఆట రోజున తెలిసింది.

ఆట మొదలయ్యే ముందు సూరప్ప తన జట్టును దగ్గరికి పిలిచాడు. "జాగ్రత్తగా వినండి. ఎవరూ ముందుకు పోవద్దు. కొండడి జోలికి అసలు పోవద్దు. మన సగంలోనే కాయను తిప్పుకుంటూ కూర్చుందాం. ఆట సమానమైతే చాలు, నీళ్లు మనవే."

జట్టులో అందరికంటే బలమైనది గురవడనే అడవిపంది. గురవడు నవ్వాడు. "ఏంది మావా, గడ్డిబొమ్మకు భయపడతన్నావా?"

"ఒరేయ్, వాడు గడ్డిబొమ్మ కాదురా. వాణ్ని మించినవాణ్ని నేను చూడలేదు."

"మరి మంగతో చెప్పింది నువ్వే గదా?"

"అది వాళ్లు నమ్మాలని చెప్పిన మాటరా నాయనా! మీరు నమ్మడానికి కాదు!"

కుందేలు లచ్చి మూతి తిప్పింది. "అడవంతా అదే మాటంటంటే నువ్వొక్కడివే కాదంటావేం? మేం గోలు కొడితే నీ పెద్దరికం తగ్గుద్దని గదూ?"

"నా కూన మీద ఒట్టు! కళ్లారా చూశాను. వాడు అడుగు వేస్తే..."

"సరేలే మావా, నువ్వు పుట్టల కాడ హాయిగా కూర్చో. సాయంత్రానికి నాలుగు గోల్స్ తెచ్చి నీ కాళ్ల కాడ పెడతాం," అన్నాడు గురవడు. అందరూ పగలబడి నవ్వారు. ఇన్నేళ్లలో సూరప్ప వాళ్లకు చెప్పిన మొదటి పచ్చి నిజం అది. దాన్ని ఒక్కరూ నమ్మలేదు.

తాబేలు ఆకు ఊపాడు. ఆట మొదలైంది.

గురవడు కాయ అందుకోగానే నేరుగా కొండడి మీదికే దూసుకుపోయాడు. పక్కన లచ్చి, వెనక మిగిలిన జట్టంతా. గడ్డిబొమ్మను పడగొట్టిన గొప్పలో అందరికీ వాటా కావాలి మరి. దిగువ సగంలో సూరప్ప ఒక్కడే మిగిలాడు. "వెనక్కి రండ్రా!" అని అరవబోయాడు, నోట్లో కర్ర ఉంది.

కొండడు కదల్లేదు. గురవడు ఇంకా దగ్గరకొచ్చాడు. కొండడు అతని భుజాన్నే చూస్తున్నాడు. చివరి క్షణాన కొండడు పక్కకు ఒక్క అడుగు వేశాడు. గురవడు తన ఊపుతో తనే పోయి పుట్టకు గుద్దుకున్నాడు. పుట్ట మట్టి నెత్తిన పడి మూతి దాకా కూరుకుపోయాడు. కాయ మాత్రం కొండడి కర్ర ముందు బుద్ధిగా ఆగి ఉంది. లచ్చి లాక్కోబోయింది. ఎటు దూకినా ఆ పక్క కొండడే ఉన్నాడు.

అప్పుడు కొండడు తలెత్తి చూశాడు. ఎదురుగా ఖాళీ కుంట, దాని చివర ఒంటరి నక్క. కర్రను నెమ్మదిగా వెనక్కి తీశాడు.

ఆ దెబ్బ చప్పుడు మెత్తగానే ఉంది. కాయ నేలను ఒరుసుకుంటూ గీత గీసినట్టు వచ్చింది. అందరి కాళ్ల మధ్య నుంచి, కుంట ఆ చివర నుంచి ఈ చివరకు, ఎక్కడా ఎగరకుండా, ఎవరికీ తగలకుండా. సూరప్ప చూస్తున్నాడు. అంత దూరం నుంచి అంత తిన్నగా రాగలదా? వస్తోంది! ఎంత అందంగా వస్తోంది! తను గోలు కాయడానికి నిలబడ్డానన్న మాట అతనికి కాయ తన కాళ్ల పక్క నుంచి దాటిపోయాక గుర్తొచ్చింది.

కుంట ఒక్కసారిగా హోరెత్తింది. కోతులు చెట్ల మీద నుంచి రాలిపడ్డాయి. "మేం ముందే చెప్పలా? పుట్టినరోజునే చెట్టు ఒరిగిందని చెప్పలా?" అన్నాయి, తొక్కలు విసిరిన చేతులతోనే చప్పట్లు కొడుతూ. అటు పుట్టల మధ్య పెద్దయ్య ఈ గోలకు ఉలిక్కిపడి లేచి, "ఏమైంది?" అని అడిగాడు. ఆ తర్వాత దిగువవాళ్లు ఎంత గింజుకున్నా ఇంకో గోలు పడలేదు.

మర్నాడు పొద్దున సూరప్ప కూనను వెంటబెట్టుకుని మడుగుకు దూరంగా ఎండలో నిలబడ్డాడు. ఎగువవాళ్లు తీరిగ్గా తాగుతున్నారు. మంగ వచ్చి కొమ్మ మీద వాలింది.

"అన్నా, ఇప్పుడు కొండడి గురించి ఏం చెప్పమంటావు?"

"నిజం చెప్పు. కోతులు పెట్టిన పేరుకు వాడు చాలినవాడే. పేరే వాడికి చాలలేదు."

"చెప్పి చూశాను. గురవడు నమ్మడంలా. గడ్డిబొమ్మకు అదృష్టం కలిసొచ్చిందంటన్నాడు. సూరప్ప మావే చెప్పాడు గదా, అంటన్నాడు."

సూరప్ప మడుగు వైపు తిరిగాడు. కూన అతని కాలికి ఆనుకుని అడిగింది. "నాన్నా, ఆ కాయ నీ పక్క నుంచే పోయిందంట గదా. ఎందుకు ఆపలేదు?"

"చూస్తా ఉండిపోయాన్రా," అన్నాడు సూరప్ప.

వాళ్ల వంతు వచ్చేసరికి మడుగు ఎర్రగా కలకబారి ఉంది. సూరప్ప బురద తేరుకునేదాకా కూనను ఆపాడు, పైపైన తేరిన నీళ్లు దానికి వదిలాడు, అడుగునున్నవి తను తాగాడు.

నీతి: ఎదుటివాణ్ని తక్కువ చేయడానికి పుట్టించిన అబద్ధాన్ని ముందుగా నమ్మి మునిగేది మన ఇంటివాళ్లే.