చిలుము పట్టిన మెడపట్టీ

గుట్ట కింద గొల్లలు వదిలేసిపోయిన రాతి దొడ్డిలో ఓ మేకల మంద కాపురముండేది. ఏం కాపురంలెండి, పొద్దు వాలితే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతకడమే! సర్కసు నుంచి పారిపోయొచ్చిన చిరుత ఒకటి కిందటి వేసవిలో చుక్కమ్మ అనే మేక పెద్దపిల్లను నోట కరుచుకుపోయింది. ఆ చిరుత మెడకు ఎర్రగా మెరిసే రాగి పట్టీ ఉండేది. అప్పట్నించీ ఎర్రటి మెరుపు ఏది కనబడ్డా మందంతా గజగజలాడేది.

వానలు వెలిశాక ఓ సాయంత్రం నక్క వచ్చింది. వెనకాలే చిరుత. మేకలన్నీ గోడకు అతుక్కుపోయాయి.

"అయ్యో, భయపడకండర్రా!" అంది నక్క, దొడ్డి వాకిలికి అడ్డంగా కట్టిన కంపతడక అవతల నుంచే. "ఆ ఎర్రపట్టీ దుర్మార్గుడు కాదీయన. పట్టీ చూడండి, పచ్చగా లేదూ? పచ్చి శాకాహారి. ఆ దొంగ మళ్ళీ వస్తే మీకు కాపలా కాస్తానంటున్నాడు, పాపం. తడక తీయండి."

గోడ మీద బల్లి కంగారుగా 'చిక్ చిక్' మంది.

"చూశారా, బల్లి పలికింది! సత్యం!" అంది నక్క.

మేకలకు అదొక్కటి చాలు. "బల్లే పలికాక ఇంకేంటి? ఆ ఎర్రపట్టీ వాడొస్తే మనకు దిక్కెవరు?" అంటూ మేకపోతు తడక దగ్గరికి నడిచింది.

బల్లి గోడ దిగి చుక్కమ్మ చెవిలో దూరినంత పనిచేసింది. అది బడిలో సైన్సు గది గోడ మీద పెరిగిన బల్లి. "నేను వద్దని మొత్తుకుంటే సత్యమంటాడేంటే వీడు! రాగికి వాన తగిలితే పచ్చగా చిలుము పడుతుంది. పైరంగు చూసి మోసపోకు. రాగి పరమాణువు నడిబొడ్డున ప్రోటాన్లని ఇరవై తొమ్మిది ఉంటాయి. ఆ లెక్కే రాగిని రాగి చేసేది. ఒక్కటి పెరిగినా అది జింకు అయిపోతుంది. వానకీ మంటకీ ఆ లెక్క మారదు."

"లోపలి లెక్క నాకెలా కనబడుద్దే?" అంది చుక్కమ్మ. పొట్ట కింద చిన్నపిల్ల వణుకుతోంది.

"కనబడదు. చిలుము వదిలిస్తే మాత్రం రాగి తేలుతుంది. పులుపు కావాలి."

దొడ్డిలో రాలిన చింతకాయలు ఉన్నాయి. చుక్కమ్మ నోటినిండా నమిలి తడక దగ్గరికెళ్ళి, తీయబోతున్న మేకపోతును ఆపింది. "బాబూ, కొత్త చుట్టాన్ని మెడ నాకి దిష్టి తీయందే లోపలికి రానివ్వం. మా ఆచారం. తల ఇలా తడకకూ గుంజకూ మధ్య సందులో పెట్టండి."

"పెట్టవయ్యా, ఒక్క నిమిషం," అని నక్క గుసగుసలాడింది. చిరుత తల దూర్చింది.

చుక్కమ్మ నాకింది. ముఖానికి వేడి ఊపిరి తగులుతోంది, పచ్చిమాంసం కంపు. ఇదే నోరు నా బిడ్డను తీసుకుపోయింది, అనుకుంది. అయినా నాకింది, ఉమ్మింది, మళ్ళీ నాకింది. పచ్చదనం కింద ఎర్రటి చార మెరిసింది.

"వాడే! వాడే!" అని అరిచి వెనక్కి దూకింది.

చిరుత మీదికి లేవబోయింది. పట్టీ గుంజకు తట్టుకుంది. మేకపోతు బలమంతా పెట్టి తడకను దాని మొహం మీదికి కుమ్మింది. కంపముళ్ళు కళ్ళలో దిగాయి. ఎలాగో విదిలించుకున్న చిరుత, ఆ మంటతో నక్క మీదికి తిరిగింది. "రంగు మారిందంటే చాలన్నావు కదరా!"

నక్క పరుగు లంకించుకుంది, చిరుత వెంటబడింది. గుట్ట అవతల ఒకే ఒక్క కేక వినబడింది. ఎవరిదో వెళ్ళి చూసే ధైర్యం ఎవరికుంది?

పిల్ల తల్లి మూతి నాకి, "పుల్లగా ఉందమ్మా," అంది. చుక్కమ్మ దాన్ని దగ్గరికి తీసుకుని భోరుమంది.

పైరంగు ఎన్నిసార్లు మారినా, లోపలి లెక్క మారనంతవరకు రాగి రాగే, చిరుత చిరుతే.