శ్రుతకేతుని కొలువులో దండదేవుడు

పూర్వం త్రేతాయుగంలో, వేత్రవతీ నదీతీరాన వెలసిన మహానగరాన్ని శ్రుతకేతుడనే రాజు ఏలుతుండేవాడు. శత్రుభయంకరుడూ సత్యసంధుడూ అయిన ఆ మహారాజు అధర్మాన్ని క్షణమైనా ఓర్వలేనివాడై, నేరం జరిగిన మూడవనాటి సూర్యాస్తమయంలోగా నేరస్థుణ్ణి కొరత వేయాలనీ, నేరస్థుణ్ణి పట్టలేని తలవరికి శిరశ్ఛేదం తప్పదనీ శాసించాడు.

నగరరక్షకుడైన తలవరి కరాళుడు ఆ శాసనానికి గడగడలాడి, చేతికి చిక్కినవాణ్ణి ఈడ్చుకొచ్చి, కొరడాలతో నేరం ఒప్పించి, గడువులోగా రాజు ముందు నిలబెట్టసాగాడు. ఏడాది తిరిగేసరికి పదకొండుమంది కొరతకెక్కారు. ఫిర్యాదు చేసినవాణ్ణీ, సాక్ష్యం చెప్పినవాణ్ణీ కూడా భటులు తీసుకుపోతుండగా, జనులు ఇల్లు దోపిడీ అయినా నోరెత్తడం మానేశారు. నగరమంతటా మౌనం పరచుకుంది. రాజేమో తన రాజ్యంలో నేరమే నశించిందని సంతోషించాడు.

అటువంటి రోజులలో, పడవ నడిపే మేదకుడు ఒకనాటి ఉదయం రెల్లుపొదల్లో ఒక రత్నవర్తకుని శవాన్ని చూశాడు. మేదకుని భార్య వల్లరి పరుగున వచ్చి భర్త చేయి పట్టుకుంది.

"నీకు దండం పెడతాను, కోటకు వెళ్లకయ్యా! చూడనట్టు ఊరుకో."

"అతనికీ ఆలుబిడ్డలుంటారే వల్లరీ. ఎదురుచూస్తుంటారు," అని అతడు వెళ్లాడు. మరి తిరిగి రాలేదు. హంతకుడు అతడేనని చాటింపు వేశారు.

సాక్ష్యం చెప్పేవారి కోసం వల్లరి ఇల్లిల్లూ తిరిగింది. ఆమె అడుగుల చప్పుడుకే గడియలు పడుతున్నాయి. రేవులో పూలమ్ముకునే వృద్ధురాలు కురువకి మాత్రం తలుపు సందులోంచి వణుకుతూ పలికింది: "నేనేమీ చూడలేదమ్మా. చూశానని మాత్రం ఎవరితోనూ అనకు తల్లీ!"

మూడవనాటి అపరాహ్ణవేళ, రక్తసిక్తుడైన మేదకుణ్ణి నిండుకొలువులో నిలబెట్టగా, శ్రుతకేతుడు శిక్షను స్థిరపరచడానికి స్వర్ణదండాన్ని ఎత్తాడు. ఎత్తిన దండం అతని పిడికిట్లో పాములా కదిలింది. సభాస్తంభాలు కంపించాయి. కాలమేఘంవలె నల్లనివాడు, నిప్పుకణికలవంటి కన్నులవాడు, వాడికోరలవాడు అయిన దండదేవుడు అందులోనుండి వెలువడి, రాజు ముఖంలో ముఖం పెట్టి గర్జించాడు.

"శ్రుతకేతూ! పదకొండుసార్లు నాకు నిరపరాధుల నెత్తురు రుచి చూపించావు. ఇప్పుడు నా ఆకలి ఆగదు. మొదట నిన్నే మింగుతాను!"

రాజు మోకాళ్లమీద కూలిపోయాడు. "నిరపరాధులా? దేవా, నాకు తెలియదు!"

"నువ్వు అడగలేదు గనుక తెలియలేదు."

అందరూ వెనక్కి తగ్గుతుండగా వల్లరి ఒక్కతే ముందుకొచ్చి, "స్వామీ! ఈ రాజును మింగితే నా పెనిమిటి మాట వినేదెవరు? ముందు విననివ్వండి," అని వేడుకుంది.

శ్రుతకేతుడు లేచి నిలబడి, "చూసినవారు చెప్పండి. మీ మీద ఈగనైనా వాలనివ్వను. ఇది నా ప్రాణం మీద ఆన," అన్నాడు. తీర్పు చూడవచ్చిన జనంలోనుండి కురువకి ముందుకొచ్చి, కన్నులు మూసుకొని చెప్పింది: "తెల్లవారుతుండగా ఆ శవాన్ని నదిలో వేసింది తలవరే ప్రభూ!"

దండదేవుడు నోరు తెరచి కరాళునిమీదికి లంఘించాడు. అప్పుడు శ్రుతకేతుడు ఇద్దరి నడుమా అడ్డుగా నిలిచాడు.

"ఆగు దేవా! వీణ్ణి కూడా అడగాలి."

"తప్పుకో! నన్ను ఎవరిమీద ఎత్తితే వారిమీద పడేవాణ్ణి. చూడటం నా పని కాదు."

"అది నా పని. ఇన్నాళ్లూ చేయలేదు. వీడి మాట వినేదాకా నన్ను దాటి పోలేవు."

కరాళుడు వెక్కివెక్కి ఏడుస్తూ నేలకు ఒరిగాడు. "నేను చంపలేదు మహాప్రభూ! వీధిలో శవం కనబడింది. మూడు రోజుల్లో హంతకుడు దొరక్కపోతే నా తల పోతుందని, ఎవరికీ తెలియకుండా నదిలో పడేశాను. పడవవాడు దాన్ని చూసి చెప్పేసరికి వాణ్ణే పట్టుకున్నాను."

ఆ మాటతో దండదేవుని కోరలు లోనికి ముడుచుకున్నాయి. కన్నులలోని ఎరుపు చల్లారి, అతడు దండంలోకి మరలిపోయాడు.

రాజు మేదకుని సంకెళ్లు తన చేతులతో విప్పాడు. గడువు శాసనాన్ని రద్దుచేశాడు. సాక్షులను విచారించగా విచారించగా పంతొమ్మిదవ రోజున వర్తకుని భాగస్వామే హంతకుడని ఋజువైంది. కరాళుడు తాను బలిచేసిన పదకొండుమంది పేర్లూ సభలో చెప్పి చెరసాలకు పోయాడు. రాజు ఆ పదకొండు ఇళ్లకూ కాలినడకన వెళ్లాడు. రెండు ఇళ్లవారు తలుపు తీయలేదు. వారి గడప ముందే నమస్కరించి తిరిగి వచ్చాడు.

అప్పుడు దండదేవుడు సౌమ్యరూపంతో మళ్లీ ప్రత్యక్షమై, "రాజా, వరం కోరుకో," అన్నాడు.

"దేవా! ఆనాడు నిన్ను చూసి నా గుండె ఎలా అదిరిందో, శిక్ష వేయడానికి చేయి ఎత్తిన ప్రతిసారీ అలాగే అదిరేటట్టు అనుగ్రహించు."

"తథాస్తు," అని దేవుడు దండంలో లీనమయ్యాడు.

అటుపిమ్మట శ్రుతకేతుడు చిరకాలం ఏలాడు. తీర్పు చెప్పేవేళ అతని చేయి వణకడం జనులందరూ చూసేవారు. చూసి, నిర్భయంగా వచ్చి నిజం చెప్పేవారు.