ప్రేమ చాలదా, మేడం?

“వచ్చే జూన్‌లో మన కాలేజీలో వృద్ధుల నర్సింగ్‌లో పీజీ కోర్సు ప్రారంభిస్తాం. ఇది నా మాట.” వార్షికోత్సవం రోజు మా నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ గారు మైకు ముందు అన్నది ఇదే. అందరం చప్పట్లు కొట్టాం. జూన్ వచ్చింది, వెళ్లింది, కోర్సు రాలేదు. అడిగితే, “ముసలివాళ్లను చూసుకోవడానికి పెద్ద చదువులెందుకయ్యా, ప్రేమ ఉంటే చాలు” అన్నారు. విద్య హక్కు, భిక్ష కాదు! విద్యార్థి సంఘం తరఫున ధర్నాకు మనుషుల్ని కూడగట్టడానికి నేను మా కాలేజీ ఆసుపత్రిలోని వృద్ధుల వార్డుకు వెళ్లాను.

ఆ కోర్సులో మొదట చేరవలసిన మనిషి సువార్త. ఆ వార్డులోనే స్టాఫ్ నర్సు. ఎవరైనా దగ్గితే చాలు, మంచినీళ్లతో పక్కన ఉంటుంది. ఆమే ధర్నాకు రానంది. పైగా నా ఎదుటే పేరిందేవి మేడాన్ని అడిగింది: “ప్రిన్సిపాల్ గారు అన్నదీ నిజమేనేమో మేడం. వీళ్లను కన్నతండ్రుల్లా చూసుకుంటున్నాను. ప్రేమ చాలదా? ఉద్యోగం వదులుకుని రెండేళ్లు చదవాలా?”

పేరిందేవి మేడం మా ప్రొఫెసరు. అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పే అలవాటు ఆమెకు లేదు. ఒక స్టూలు చేతపట్టుకుని వీరాస్వామి గారి మంచం వైపు నడిచారు. మేమూ వెనకే వెళ్లాం.

వీరాస్వామి గారు జీవితమంతా లారీ నడిపిన మనిషి. మూడు రోజులుగా ముద్ద ముట్టడం లేదు. ఎంత బతిమాలినా “ఆకలి లేదమ్మా” అనే మాటే. ఆ మధ్యాహ్నం ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పట్టాలని డాక్టరు రాసి వెళ్లారు. సువార్త కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

“ఇది ఒంటరితనం మేడం,” అన్నాను. “మనిషిని పిండుకుని పిప్పిని పారేసే వ్యవస్థ చేసిన హత్య!”

“ఇంకా బతికే ఉన్నానయ్యా,” అన్నారు వీరాస్వామి గారు.

మేడం స్టూలు వేసుకుని, ఆయనకు మొహం కనబడేలా ఎదురుగా కూర్చున్నారు. చేతికి తొడుగు వేసుకుని, “నోరు తెరవండి పెద్దాయనా,” అన్నారు. కట్టుడు పళ్ల సెట్టు మెల్లగా బయటికి తీశారు. కింద చిగుళ్లు పుండ్లు పడి ఉన్నాయి.

“ఇవి మీ పళ్లేనా?”

ఆయన సువార్త వైపు ఒకసారి చూసి తల దించుకున్నారు.

పక్క మంచం మీద మీరావలి గారు లేచి కూర్చున్నారు. “నా పళ్లా అయ్యి? అందుకేనా నాకియ్యి వదులుగా ఉండి గంజి తాగుతున్నా! నా పళ్లు పెట్టుకుని పస్తులుంటావేందయ్యా, వాటికి అలవాటు లేదు!”

ఆదివారం డ్యూటీ అయిపోయాక కూడా ఉండిపోయి, అందరి పళ్ల సెట్లూ ఒకే బేసిన్‌లో వేసి, తెల్లగా తోమి, తిరిగి ఎవరివి వారికే ఇచ్చాననుకున్నది సువార్తే. ఎవరూ చెప్పని పని అది.

“నాకు చెప్పొచ్చు కదా నాన్నా!” అంది ఏడుపు ఆపుకుంటూ.

“ఎట్టా చెప్పేదమ్మా? అంత ప్రేమగా తోమి పెడితివి.”

మేడం సెట్లు మార్చారు. చిగుళ్లు మానేదాకా పళ్లు పెట్టొద్దని చెప్పి, పుండ్లకు మందు రాశారు. కాసేపటికి వీరాస్వామి గారు మెత్తగా పిసికిన పెరుగన్నం తిన్నారు, మారు వడ్డించమన్నారు. గొట్టం వేయాల్సిన పని లేకపోయింది.

“అందరం మనసులో దిగులు వెతికాం,” అంది సువార్త. “ముందు నోరు చూడాలని మీకెలా తెలిసింది మేడం?”

“నాకూ తెలిసేది కాదు. చదువులో నేర్పారు.”

సువార్త మొహం తుడుచుకుంది. “మరి నాకెప్పుడు నేర్పుతారు?”

నేను రాసి పెట్టుకున్న నినాదాలన్నీ కలిపినా ఆ గొంతులో ఉన్నంత కోపం లేదు. మేడం నా వైపు తిరిగారు.

“ఈ ప్రశ్నను ఉన్నదున్నట్టు ప్రిన్సిపాల్ గారి దగ్గరికి తీసుకెళ్లు బాబూ. ఈ నెలాఖరు, జూలై ముప్పై ఒకటిలోగా జవాబు చెప్పమను.”